తరగతి గదిలో నాటకం, కథ: మీ ప్రశ్నలకు జవాబులు

పాఠం చెప్పడానికి నాటకాన్ని, కథను వాడుతున్న టీచర్లు, వాడాలనుకుని ఆగిపోయిన టీచర్లు, వాళ్లతోపాటు తల్లిదండ్రులు పంపిన ప్రశ్నలివి. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఒకటిగా వేశాం. ఎవరి పేరూ ఇవ్వడం లేదు.

ప్రశ్న: ఎనిమిదో తరగతిలో 52 మంది పిల్లలున్నారు. పీరియడ్ 45 నిమిషాలు. నాటకం అనగానే రిహార్సళ్లు, డ్రెస్సులు, మైకు... వారం రోజులు ఇట్టే పోతాయి. సిలబస్ ఎప్పుడు అవ్వాలి? పైగా వేషం కట్టేది ఏడెనిమిది మందే, మిగతావాళ్లు గోల చేస్తారు.
(సోషల్ టీచర్, బాపట్ల జిల్లా)

జవాబు: మీరు చెబుతున్నది వార్షికోత్సవం నాటకం. అది చూసేవాళ్ల కోసం వేసేది. పాఠం కోసం ఆడేది, ఆడేవాళ్ల కోసమే. దానికి ప్రేక్షకులు ఉండరు, స్టేజీ ఉండదు, ముందే రాసిపెట్టిన డైలాగులు అసలే ఉండవు. 52 మందీ ఒకేసారి పాత్రల్లో ఉంటారు. ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది. మీ జిల్లాలో జరిగిన చీరాల–పేరాల ఉద్యమంతోనే చూద్దాం.

క్లుప్తంగా సంగతి ఇది. 1919లో చీరాల, పేరాల, వాటి పక్క ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేశారు. ఏడాదికి రూ.4,000 ఉన్న పన్ను రూ.40,000 దాకా పెరిగింది. అక్కడి జనంలో నేతపనివాళ్లు, చిన్న రైతులు ఎక్కువ. స్వాతంత్ర్యోద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట నిలబడి, మాకు ఈ మునిసిపాలిటీ వద్దన్నారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చినప్పుడు గోడు ఆయన ముందు పెట్టారు. చివరికి వేలమంది ఇళ్లు వదిలి, మునిసిపాలిటీ హద్దు దాటి, రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని పాకల్లో దాదాపు 11 నెలలు ఉన్నారు.

పీరియడ్ మొదట్లో 5 నిమిషాలు పన్ను పెరిగిన దాకా మాత్రమే చెప్పండి. ఊరు వదిలారన్న మాట పొరపాటున కూడా బయటపెట్టొద్దు. తర్వాత 3 నిమిషాల్లో పిల్లల్ని ఆరేడుగురి చొప్పున 8 గుంపులు చేయండి. ఒక్కో గుంపు ఒక్కో ఇల్లు: రెండు మగ్గాలున్న నేతకారుల ఇల్లు, అరెకరం రైతు ఇల్లు, కిరాణా కొట్టు, విధవరాలైన అవ్వ ఇల్లు, ఇలా. ప్రతి ఇంటివాళ్లూ 5 నిమిషాల్లో ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోవాలి: ఇంట్లో ఎంతమంది, తిండి ఏ పని మీద గడుస్తుంది, ఇల్లు వదలాల్సి వస్తే అన్నిటికంటే ముందు ఏం పోతుంది. ఈ మూడో ప్రశ్నే ప్రాణం. నేత ఇంటివాళ్లకు, మగ్గం గుంట నేలలో ఉంటుంది కాబట్టి మోసుకుపోలేమని తట్టిందంటే పాఠం సగం వచ్చినట్టే.

తర్వాతి 15 నిమిషాలు ఊరి సమావేశం. ఇక్కడ మీరూ పాత్రలోకి వెళ్లాలి. మీసాలు, కోటు అక్కర్లేదు, భుజం మీద ఒక కండువా చాలు. కండువా ఉంటే మీరు మునిసిపాలిటీ బిల్లు కలెక్టరు, తీసేస్తే టీచరు. గోపాలకృష్ణయ్య పాత్ర మాత్రం తీసుకోవద్దు. టీచరే నాయకుడైతే పిల్లలు చెప్పినట్టు వింటారు తప్ప ఆలోచించరు. కలెక్టర్ దొరగా వచ్చినా వాళ్ల నోరు పెగలదు. "ఉత్తర్వు పైనుంచి వచ్చింది, నేను చేసేదేముంది? రోడ్లు, దీపాలు మీకు వద్దా?" అని అడిగే చిన్న ఉద్యోగి అయితేనే వాదన పుడుతుంది. బ్రిటన్‌లో తరగతి నాటకానికి దారి వేసిన డొరతీ హీత్‌కోట్ కూడా టీచరు ఇలాంటి మధ్య స్థాయి పాత్రలు తీసుకోవాలనే చెప్పేవారు.

ఆ తర్వాత నేల మీద సుద్దముక్కతో మూడు గీతలు గీయండి: పన్ను కడతాం, కట్టకుండా జైలుకు పోతాం, ఊరు వదులుతాం. 5 నిమిషాల్లో ప్రతి ఇల్లూ ఒక గీత మీద నిలబడి ఒక్క కారణం చెప్పాలి. ఇంట్లోవాళ్ల మధ్యే మాట కలవకపోతే విడిపోయి నిలబడవచ్చు. చివరి 10 నిమిషాలు కండువా తీసేసి నిజంగా ఏం జరిగిందో చెప్పండి. గోపాలకృష్ణయ్య జైలు పాలయ్యాక ఉద్యమం సడలి, జనం తిరిగి ఇళ్లకు చేరడం కూడా చెప్పండి. ఆ పూట పిల్లలు పుస్తకంలో ఆ పాఠాన్ని చదివే తీరే వేరుగా ఉంటుంది.

చెడిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. సమావేశంలో నవ్వులు మొదలైతే పాత్రలో ఉండి కసరొద్దు. కండువా తీసి, మామూలు గొంతుతో రెండు మాటలు చెప్పి మళ్లీ వేసుకోండి. పక్క క్లాసుకు ఇబ్బంది అనుకుంటే, బయట పోలీసులు తిరుగుతున్నారు, ఇది రహస్య సమావేశం అనండి. 52 మందీ గుసగుసల్లోకి దిగుతారు. ఎవరైనా "వీడియో తీసి పెడదాం" అంటే తిట్టకండి, బోర్డు మూల రాసిపెట్టి, 1921లో ఒక ఊరి వార్త ఇంకో ఊరికి ఎలా చేరేదని చివర్లో అడగండి. చివరి 10 నిమిషాలను మాత్రం దేనికీ తినేయనివ్వకండి. ఆ చర్చ లేకపోతే పిల్లలకు ఆట మిగులుతుంది, చరిత్ర మిగలదు.

ప్రతి పాఠానికీ ఇది పనికిరాదు. ఎవరో ఒకరు ఎటూ తేల్చుకోలేని చోట నిలబడిన పాఠాలకే పెట్టుకోండి, యూనిట్‌కు ఒకటి చాలు. నిర్వచనాలు, పట్టికలు ఉన్న పాఠాన్ని నాటకం చేయబోతే టైము దండగే.

ప్రశ్న: ఒకటి, రెండు తరగతులు నావే, 25 మంది పిల్లలు. సగం మంది ఇంట్లో గోండి మాట్లాడతారు. కథ చెబితే కళ్లప్పగించి వింటారు. "ఏం అర్థమైంది?" అంటే ఒక్కరూ నోరు విప్పరు.
(సెకండరీ గ్రేడ్ టీచర్, ఆదిలాబాద్ జిల్లా)

జవాబు: "ఏం అర్థమైంది?" అన్నది పెద్దవాళ్లకే కష్టమైన ప్రశ్న. దాన్ని పక్కన పెట్టి, ఒకే కథను ఐదు రోజులు నడపండి. దీనికి మన ఏడు చేపల కథను మించింది లేదు. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెస్తారు, ఒక చేప ఎండదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డం. గడ్డిని ఆవు మేయలేదు, ఆవును పాలేరు మేపలేదు, పాలేరుకు అవ్వ బువ్వ పెట్టలేదు, పిల్లాడు ఏడుస్తుంటే అవ్వకు తీరలేదు, పిల్లాడిని చీమ కుట్టింది, దాని బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టదా మరి! ఒకే మూసలో ప్రశ్న, జవాబు పదే పదే తిరుగుతాయి. "ఎండలేదు, మేయలేదు, మేపలేదు, పెట్టలేదు" అన్న రూపం వ్యాకరణం చెప్పకుండానే చెవిలో పడుతుంది. తెలుగు కొత్తగా నేర్చుకునే పిల్లలకు కావలసింది అదే.

మొదటి రోజు కథ మొదలుపెట్టక ముందే గడ్డి పరకల కట్ట, దారానికి గుచ్చిన ఏడు కాగితపు చేపలు, ఒక మట్టిగడ్డ చేతికిచ్చి చూడనివ్వండి. మట్టిగడ్డే చీమల పుట్ట. వస్తువులు ముందే చూపిస్తే కథ మధ్యలో ఆగి "గడ్డిమోపు అంటే ఏంటంటే" అని వివరించే అవసరం రాదు. ఆ వివరణే కథను చంపేది. పుస్తకం చేతిలో పట్టుకోవద్దు, కళ్లు పిల్లల మీద ఉండాలి. 5, 6 నిమిషాల్లో ముగించండి. ప్రతి వాక్యానికీ పిల్లలు ఊ కొట్టాలి. ఊ కొట్టడానికి భాష రానక్కర్లేదు. ఊ ఎక్కడ తగ్గిందో చూస్తుంటే ఎక్కడ అర్థం కాలేదో మీకే తెలిసిపోతుంది.

రెండో రోజు అదే కథ. "ఆవూ ఆవూ..." అని ఆగండి, మిగతాది వాళ్లు పూరిస్తారు. గోండిలో పూరించినా సరేననండి, ఆ మాట మీరూ నేర్చుకుని ఓసారి పలకండి. మూడో రోజు ఆట: ఏడుగురు కొడుకులు, ఏడుగురు చేపలు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లాడు, చీమ కలిపి 19 మంది. మిగిలిన ఆరుగురూ దగ్గర దగ్గరగా నిలబడి గడ్డిమోపు. ఖాళీగా కూర్చునేవాళ్లు ఉండరు.

నాలుగో రోజు కథను తిరగేయండి. చీమ దగ్గర మొదలుపెట్టి చేప దాకా రావాలి: చీమ కుట్టింది, అందుకే పిల్లాడు ఏడ్చాడు, అందుకే అవ్వ బువ్వ పెట్టలేదు. బట్టీపట్టినవాళ్లు ఇక్కడ ఆగిపోతారు, కారణం పట్టుకున్నవాళ్లు సాగిపోతారు. మీకు కావలసిన పరీక్ష ఇదే. ఐదో రోజు "సోమూ సోమూ, బడికి ఎందుకు రాలేదు?" అని ఒక ఊహాపేరుతో కొత్త గొలుసు అందించండి. వాళ్లు చెప్పినవి బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఆరు వాక్యాలకు మించకుండా రాయండి. తాము చెప్పిన వాక్యాన్ని పిల్లలు ఇష్టంగా చదువుతారు.

కథ అయ్యాక "ఇందులో నీతి ఏమిటి?" అని అడగకండి. పిల్లలు కథను వదిలేసి మీ మనసులో ఏముందో వెతకడం మొదలుపెడతారు. "చీమది తప్పా, పిల్లాడిది తప్పా?" అనండి, మాటలు రాని పిల్లలు కూడా వేలు చూపించి పక్షం ఎంచుకుంటారు. నెలకోసారి ఊళ్లోని ఒక అవ్వనో తాతనో పిలిచి గోండి కథ చెప్పించండి. ఆ రోజు తెలుగు పిల్లలు ఊ కొట్టే వంతు.

ప్రశ్న: కరెంటు పాఠానికి పిల్లల్ని ఎలక్ట్రాన్లుగా గ్రౌండ్‌లో పరిగెత్తిస్తే బాగా ఎంజాయ్ చేశారు. పరీక్షలో మాత్రం "బల్బు దగ్గర కరెంటు ఖర్చయిపోతుంది", "ఎలక్ట్రాన్లు చాలా వేగంగా బల్బు దగ్గరకు చేరతాయి" అని రాశారు. లోపం ఎక్కడుంది?
(ఫిజికల్ సైన్స్ టీచర్, నల్లగొండ జిల్లా)

జవాబు: ఆటలోనే ఉంది. బ్యాటరీ దగ్గర బయల్దేరి బల్బు దాకా పరిగెత్తితే పిల్లలకు తోచేది అదే. బల్బు దగ్గర వాళ్ల చేతిలోంచి ఏ చాక్లెట్టో తీసుకుంటే ఇంకా బలపడుతుంది. నిజానికి తీగ నిండా ఎలక్ట్రాన్లు ముందే ఉన్నాయి, స్విచ్ వేయగానే అన్నిచోట్లా ఒకేసారి కదులుతాయి. మామూలు తీగలో అవి ముందుకు జరిగే వేగం సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

పరుగు మానేసి తాడు పట్టించండి. 20 మంది గుండ్రంగా నిలబడటానికి సుమారు 15 మీటర్ల తాడు కావాలి. చిటికెన వేలి కన్నా సన్నని నున్నటి నూలు తాడో నైలాన్ తాడో తీసుకోండి. కొబ్బరి తాడు వద్దు, అరచేతులు గీసుకుపోతాయి. రెండు కొసలనూ ఒకదానిపై ఒకటి పెట్టి టేపు చుట్టండి. ముడి వేస్తే అది వచ్చిన ప్రతిచోటా తాడు తట్టుకుంటుంది. అందరూ వేళ్లను ఉంగరంలా చేసి తాడును వదులుగా పట్టుకోవాలి. ఒకరు బ్యాటరీ: ఒక చేత్తో లాగుతూ ఇంకో చేత్తో వదులుతుంటారు. ఎదురుగా ఉన్న ఒకరు బల్బు: తాడును కాస్త బిగించి పట్టుకుంటారు.

బల్బు పిల్లకు చెయ్యి వెచ్చబడుతుంది, కానీ తన తర్వాత తాడు తగ్గదు. తన ముందు ఎంత కదులుతోందో వెనకా అంతే. అంటే ఖర్చయింది శక్తి, కరెంటు కాదు. బ్యాటరీ లాగిన క్షణంలోనే బల్బు దగ్గర తాడు కదులుతుంది, తాడు మాత్రం మెల్లగానే జరుగుతుంది. ఇంకొకరు కూడా బిగిస్తే మొత్తం తాడు నెమ్మదిస్తుంది, అది శ్రేణి సంధానం, అంటే బల్బులను ఒకదాని తర్వాత ఒకటి ఒకే దారిలో కలపడం. టేపు విప్పేస్తే అంతా ఆగిపోతుంది. బయట ఉన్న పిల్లలకు తలా ఒక ప్రశ్న ఇచ్చి నిలబెట్టండి: "బల్బుకు ముందూ వెనకా వేగం ఒకటేనా?", "ఎవరి తాడు ముందు కదిలింది?"

ఆఖర్న తప్పకుండా అడగాల్సింది ఒకటుంది: ఈ తాడు నిజం కరెంటుకు ఎక్కడ సరిపోవడం లేదు? సమాంతర సంధానం, అంటే బల్బులను వేరువేరు దారుల్లో కలపడం, ఒక్క తాడుతో చూపలేం, తాడు ముక్కలు ఒకదాన్నొకటి లాగుతున్నాయి కానీ తీగలో ఎలక్ట్రాన్లు అలా ముడిపడి లేవు. సైన్సులో ఏ ఆట ఆడించినా ఈ ప్రశ్న అడగకపోతే కొత్త అపోహ ఒకటి అంటించి పంపినట్టే.

ఘన, ద్రవ, వాయు పదార్థాల ఆటలోనూ ఇలాంటిదే జరుగుతుంది. ద్రవం అనగానే పిల్లల్ని బారెడు దూరంలో నిలబెడతాం. ద్రవంలో కణాలు ఘనంలో ఉన్నంత దగ్గరగానే దాదాపు ఉంటాయి, ఒకదాని పక్కనుంచి ఒకటి జారగలుగుతాయి, అంతే తేడా. భుజాలు తగులుతూనే చోటు మారమనండి. వేడి చేసినప్పుడు బుగ్గలు పూరించి ఉబ్బనివ్వొద్దు. కణం పెరగదు, కదలిక పెరిగి మధ్యలో ఎడం పెరుగుతుంది.

ప్రశ్న: ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి పిల్లలతో బుర్రకథ చెప్పించాలని ఉంది. తెలిసినాయన ఒకరు 40 నిమిషాల స్క్రిప్టు ఇచ్చారు. పిల్లలకు నోరు తిరగడం లేదు.
(తెలుగు పండిట్, గుంటూరు జిల్లా)

జవాబు: ఆ స్క్రిప్టు పక్కన పెట్టండి, పిల్లలతోనే రాయించండి. కథావస్తువు ఆ రోజుకు తగ్గట్టు గిడుగు రామమూర్తిగారే. 1863 ఆగస్టు 29న పుట్టారు. వాడుకభాష కోసం పోరాడిన సంగతి అందరికీ తెలుసు. అంతకుముందే సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలో పుస్తకాలు రాసి, బడులు పెట్టారు. పిల్లలను కట్టిపడేసేది ఈ రెండో భాగమే.

మొత్తం 12 నిమిషాలు మించకూడదు. ముగ్గురి మీద బరువంతా వేయకుండా నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ముగ్గురు చొప్పున 12 మందిని తీసుకోండి. మధ్యలో తంబురాతో కథకుడు, చేతికి అందెలు (తాళానికి వేళ్లకు తొడిగే లోహపు ఉంగరాలు). ఇరుపక్కలా గుమ్మెటలనే చిన్న డోళ్లతో వంతలు, అంటే వంత పాడేవాళ్లు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. తంబురా దొరక్కపోతే అట్టతో చేసింది భుజాన వేసుకుని శ్రుతిపెట్టె వాడండి. అందెలకు బదులు చిడతలు, గుమ్మెటకు బదులు మట్టికుండ సరిపోతాయి.

రాసే పని ఇలా. ఒక్కో జట్టుకు గిడుగు జీవితంలో ఒక పేరా ఇవ్వండి. దాన్ని ఎనిమిది పాదాల పాట, నాలుగు వాక్యాల వచనం, వంత అడిగే ఒక ప్రశ్నగా మార్చాలి. పాదం ఒక్క ఊపిరిలో పట్టాలి, అంటే మూడు నాలుగు మాటలు. ఈ కొలతలో:

శ్రీకాకుళపు సీమలోన / తందాన తాన
సవరల పల్లె కొండపైన / తందాన తాన
పలక పట్టిన పిల్లలకేమో / తందాన తాన
పాఠం భాషే పరాయిదాయె / తందాన తాన

రెండు పాదాలకు ఒక నిజమైన సమాచారమైనా ఉందో లేదో చూడండి. "మహానుభావుడు, మహోన్నతుడు" అని నింపేసిన పాదాలు కొట్టేయండి.

బుర్రకథలో చదువుకు అందివచ్చే భాగం వంతలదే. కథకుడు చెప్పుకుపోతుంటే హాస్యపు వంత అడ్డుపడి, తరగతిలో ఎవరికైనా వచ్చే అనుమానమే అడుగుతాడు: "ఆగండి గురూగారూ, సవరకు లిపే లేదంటిరి, మరి పుస్తకం ఏ అక్షరాల్లో అచ్చేసినట్టు?" జవాబు వెతికి తేవడం ఆ జట్టు పని. రాజకీయపు వంత ఆ సంగతిని ఈనాటికి తెస్తాడు: మన మండలంలో ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషగా ఉన్న పిల్లలెవరని. 1940లలో కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి తరఫున మీ గుంటూరు వైపు బుర్రకథకుడు షేక్ నాజర్ బుర్రకథను జనం సమస్యలవైపు తిప్పడంలో ఈ వంతల మాటలదే పెద్ద పాత్ర. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చింది.

పాడయ్యేది సాధారణంగా రెండు చోట్ల. వచనం నడుస్తున్నప్పుడు కూడా గుమ్మెట వాయిస్తారు, మాట వినపడదు. వాయింపు తందానకే పరిమితం చేయండి. రెండోది శ్రుతి. 13, 14 ఏళ్ల మగపిల్లలకు గొంతు మారే వయసు, పెద్దవాళ్ల రికార్డింగు శ్రుతిలో పాడమంటే గొంతు బొంగురుపోతుంది. వాళ్లకు హాయిగా ఉన్న చోట శ్రుతి పెట్టి, రోజుకు 20 నిమిషాలకు మించి సాధన చేయించకండి.

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. బడిలో ఏ నాటకం వేసినా పనిమనిషి వేషమో, భిక్షగత్తె వేషమో ఇస్తున్నారు. రంగు తక్కువని అలా చేస్తున్నారేమోనని పాపే అంటోంది. అడగాలంటే మొహమాటంగా ఉంది.
(ఒక తల్లి)

జవాబు: మొహమాటపడకుండా అడగండమ్మా. వేషాలు ఎలా పంచుతున్నారు, ఈసారి చీటీలు వేయవచ్చా అని నెమ్మదిగా అడిగితే ఏ టీచరూ కాదనలేరు. రంగును బట్టి రాక్షసుడు, ఇంటి స్థితిని బట్టి కూలీ, ఇంగ్లీషు బాగా వస్తే రాజు అని పంచడం చాలా బడుల్లో ఎవరూ గమనించకుండానే జరిగిపోతోంది. పిల్లలు మాత్రం గమనిస్తారు. మీ పాప గమనించింది.

టీచర్లకు మా మాట: వేషాలు చీటీలతో పంచండి, ఏ పాత్ర ఎవరికి వచ్చిందో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. మూడు నెలలకోసారి తిరగేస్తే మీకే తేడా కనపడుతుంది. చెడ్డ పాత్ర వేసిన పిల్లల చేత ఆట కాగానే "నేను ఫలానా, ఆరో తరగతి" అని గట్టిగా పలికించి పాత్రను విప్పించండి. లేకపోతే ఆ పేరే ఏడాదంతా మారుపేరై వెంటపడుతుంది. బిడియపడే పిల్లలను ముందుకు తోయొద్దు. ఒక పాత్రను ఇద్దరు పక్కపక్కన కూర్చుని వేయడం మంచి మార్గం, ప్రశ్నలకు ఎవరికి తోస్తే వాళ్లు జవాబిస్తారు. నత్తి ఉన్న పిల్లలకు నలుగురితో కలిసి పలికేటప్పుడు మాట సాఫీగా వస్తుంది, కాబట్టి బృందంగా పలికే పాదాలతో మొదలుపెట్టండి.

బాల్యవివాహం, తాగుడు లాంటి విషయాల మీద ఆడేటప్పుడు ఊరి పేరు, మనుషుల పేర్లు కల్పించినవే ఉండాలి. ఆ కష్టం ఇంట్లో ఉన్న పిల్లకు ఆ పాత్ర ఇవ్వొద్దు. ఆట తర్వాత ఎవరైనా ఒంటరిగా వచ్చి ఏదైనా చెబితే, అక్కడితో నాటకం పని అయిపోయింది. హెచ్‌ఎంకు చెప్పి, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

ప్రశ్న: తోలుబొమ్మలాటలాగా నీడబొమ్మలు చేయాలనుకుంటున్నాం. తెర మీద బొమ్మ మసకగా, పెద్దగా పడుతోంది.
(ప్రాథమికోన్నత పాఠశాల టీచర్, అనంతపురం జిల్లా)

జవాబు: బొమ్మను తెరకు ఆనించి ఆడించాలి. తెరకు దూరం జరిగేకొద్దీ నీడ పెద్దదై అంచులు మసకబారతాయి. రెండో కారణం దీపం: ట్యూబ్‌లైటులాగా పొడవైన వెలుగు పనికిరాదు. ఒకే చిన్న ఎల్‌ఈడీ బల్బును తెర వెనక ఐదారు అడుగుల దూరంలో, ఆడించేవాళ్ల తలల కన్నా ఎత్తున కట్టండి. తెరకు తెల్ల పంచె చాలు, ముడత లేకుండా నాలుగు వైపులా బిగించాలి. బొమ్మ జానెడున్నర ఎత్తు, పాత డబ్బా అట్టతో. నిలువునా ఒక వెదురుపుల్ల, కదిలే చేతికి ఇంకోటి. కీలు దగ్గర దారం ముడి వేయండి, గట్టిగా బిగిస్తే చెయ్యి ఊగదు. కళ్లు, నగల చోట రంధ్రాలు పొడిచి రంగు జిలుగు కాగితం అంటిస్తే వెలుగు రంగుల్లో వస్తుంది. కిరోసిన్ దీపాలు, కొవ్వొత్తులు తెర దగ్గరకు రానివ్వొద్దు.

మీరు పంపిన ఇబ్బందే ఏడో తరగతి కాంతి పాఠానికి మంచి మొదలు. మసకగా ఎందుకు పడిందో పిల్లల్నే కొలిచి చెప్పమనండి: తెర నుంచి 0, 10, 20, 30 సెంటీమీటర్ల దూరంలో నీడ ఎత్తు ఎంతో పట్టిక వేస్తారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట మీకు దూరం కాదు. అక్కడి కళాకారులు మేకతోలును పారదర్శకంగా ఎలా చేస్తారో ఒక పూట తీసుకెళ్లి చూపించగలిగితే ఇంకేం కావాలి. మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క కథకు అడ్డొచ్చి ఆటపట్టిస్తారు కదా, మీ పాఠంలోనూ సందేహాలు అడిగే పని ఆ ఇద్దరికీ అప్పగించండి.

ప్రశ్న: ఇదంతా బాగుంది. మార్కులు ఎలా వేయాలి? నటన బాగా చేసినవాడికే ఎక్కువ వేస్తే మిగతావాళ్లకు అన్యాయం కదా?
(తెలుగు టీచర్, కరీంనగర్ జిల్లా)

జవాబు: నటనకు మార్కులు వేయకండి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఏడాది మధ్యలో చేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు అన్న అంశం మీకు ఉండనే ఉంది, దాని కింద మూడు విషయాలు చూస్తే చాలు: పాత్రలో ఉండి పాఠంలోని సమాచారాన్ని వాడాడా, ఎదుటివారి మాట విని దానికి జవాబిచ్చాడా, ఆట తర్వాత రాసిన దాంట్లో కారణం ఉందా. ఒకే పూట 40 మందిని చూడలేరు. రోజుకు ఆరుగురి పేర్లు ముందే అనుకుని వాళ్లనే గమనించండి.

రాత పని పాత్రలో ఉండగానే ఇవ్వండి. పైన చెప్పిన చీరాల పాఠమైతే, ఊరు వదిలిన మర్నాడు నేతకారుడి కూతురు మేనత్తకు రాసిన ఉత్తరం, పది వాక్యాలు, అందులో పాఠంలోని మూడు నిజాలు తప్పక ఉండాలి. దిద్దేటప్పుడు మూడు నిజాలున్నాయా అని ముందు చూసి, భాష తర్వాత చూడండి. హెచ్‌ఎంకు, తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడానికి ఫొటోల కంటే ఈ ఉత్తరాల కట్ట మేలు. ఆట ఆడని ఇంకో సెక్షన్ పిల్లలతో కూడా అదే అంశం మీద రాయించి పక్కన పెట్టుకుంటే, ఏ పద్ధతిలో ఏం వచ్చిందో ఏం రాలేదో మీకు కూడా తేలుతుంది.